పందెం బురద

హేమలతకు సైకిల్ అలవాటు ఉద్యోగం వల్ల వచ్చింది. అనంతపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. తెల్లవారేసరికి ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకురావాలి. స్కూటీ చెడిపోతే కొన్నాళ్ళు పక్కింటివాళ్ళ సైకిల్ మీద తిరిగింది. స్కూటీ బాగయ్యాక కూడా సైకిల్ వదల్లేదు. తర్వాత ఆదివారాలు ఊరి బయట మట్టిదారుల్లో తొక్కే ఒక క్లబ్బులో చేరింది. ముప్పై దాటాక తన ఒంటికి ఒక పని బాగా వచ్చని తెలియడం ఆమెకు కొత్తగా ఉండేది.

ఆ ఏడు వేసవి మొదట్లో క్లబ్బు నడిపే ప్రణీత్ సైక్లోక్రాస్ పందెం పెడతానన్నాడు. చేలల్లో, ఇసుకలో, రాళ్ళ మీద చుట్లు తిరగాలి. దుంగ అడ్డం వస్తే దిగి, సైకిల్ భుజాన వేసుకుని పరుగెత్తి, మళ్ళీ ఎక్కాలి. చోటు చూపింది హేమలతే. అక్క చౌడేశ్వరిని ఇచ్చిన ఊరు బెళుగుప్ప అవతల ఉంది. వానలు లేక రెండేళ్ళుగా వేరుశనగ వేయని బీళ్ళు అక్కడ ఎన్నైనా ఉన్నాయి. "ఎవురూ ఏమీ అనరు" అని చెప్పింది.

పందెం రోజు పొద్దున్నే చౌడేశ్వరి పెట్టెలోని చీర కట్టుకుని, పక్కింటి మారెక్కను వెంటబెట్టుకుని వచ్చింది. పందెం దారికి కట్టిన తాడు పక్కన నిలబడి, చెల్లెలిని వేలితో చూపించింది.

"అదో, ఎర్ర టోపీ. మా హేమే."

"ఆడపిల్లోళ్ళు గూడా ఆడతారా దీన్ని?" అంది మారెక్క.

"ఎందుకు ఆడరు? మావాళ్ళలో దానికొక్కదానికే ఆ ధైర్యం."

హేమలత నవ్వుతూ వచ్చి అక్క చేయి పట్టుకుంది. చౌడేశ్వరి చూపు మాత్రం బీడు మధ్యలో తవ్విన పెద్ద గుంత మీద ఉంది.

"అదెందుకే?"

"బురద గుంతక్కా. ఈ పందెంలో బురద ఉండల్ల. నిన్న సాయంత్రం ఒక ట్యాంకర్ నీళ్ళు కొని పోసినారు."

"కొని పోసినారా? బురదకా?"

"బయట తోట బోరు నీళ్ళు లే, మీ ఊరివి కాదు."

చౌడేశ్వరి గుంత అంచుకు వెళ్ళి తొంగి చూసింది. గుంతలో బురద కూడా లేదు. రాత్రికి రాత్రి ఎర్రనేల నీళ్ళన్నీ తాగేసి, పైన పల్చటి తడి మాత్రం మిగిల్చింది. ప్రణీత్ నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ తిరిగాడు. ఫోన్ చేశాడు. బురద లేకపోతే ఇంతమంది ఇంత దూరం వచ్చి ఏం లాభమని విసుక్కున్నాడు.

మగవాళ్ళ పందెం అయిపోయి, ఆడవాళ్ళను గీత దగ్గరకు పిలిచే వేళకు ఒక ట్యాంకర్ వచ్చింది. డ్రైవరు ఎర్రప్ప వెనక్కి తీసుకొచ్చి, గుంత అంచున నిలిపి, పైపు విప్పాడు. నీళ్ళు ధారగా పడుతుంటే తాడు పక్కన నిలబడినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మారెక్క కొట్టలేదు. "ఇది మనూరి ట్యాంకర్ కదమ్మా!" అని అరిచింది. "రోజు విడిచి రోజు వచ్చేది. ఈపొద్దు మన వంతు!"

ఆమె ఊళ్ళోకి పరుగెత్తింది. వెనకాలే చౌడేశ్వరి కూడా. ఈల మోగేసరికి ఇరవై మంది దాకా ఆడవాళ్ళు బిందెలతో గుంత దగ్గరకు వచ్చారు. అప్పటికి ట్యాంకర్ ఖాళీ. ఎర్రప్ప బండి ఎక్కి, అద్దం పైకెత్తుకుని వెళ్ళిపోయాడు.

హేమలతకు ఇదంతా సగమే కనిపించింది. ఈల విన్న తర్వాత ఆమెకు ముందున్న చక్రం తప్ప ఏదీ కనిపించదు. ఆ చక్రం షహనాజ్‌ది. అనంతపురంలో డిగ్రీ చదివే పిల్ల, క్లబ్బులో అందరికంటే వేగంగా తొక్కుతుంది. ఇసుకలో కాళ్ళు బరువెక్కాయి. రాళ్ళ మిట్ట మీద సైకిల్ భుజానికెత్తుకుని ఎక్కుతుంటే గొంతులో దుమ్ము గరగరలాడింది. దిగి గుంత దగ్గరకు వచ్చింది.

గుంత అంచున ఆడవాళ్ళు వంగి, పైన తేలిన నీళ్ళను చెంబులతో ముంచుకుని, కొంగు అడ్డం పెట్టి బిందెల్లో వడగట్టుకుంటున్నారు. ఎర్రటి నీళ్ళు. తాగడానికి కాకపోయినా గొడ్లకు పనికొస్తాయి. క్లబ్బు కుర్రాడొకడు "జరగండమ్మా, తగుల్తాది, జరగండి" అని అరుస్తున్నాడు. వాళ్ళు జరగలేదు. సైకిళ్ళు దిగబడి, లేచి, వాళ్ళ మీద బురద చిందించుకుంటూ పోయాయి.

రెండో చుట్టులో ఎవరో పెద్దగా అన్నది హేమలత చెవిన పడింది. "ఆయమ్మే, చౌడేశ్వరి చెల్లెలు. ఈ పాడు ఆటను మనూరికి తెచ్చింది ఆయమ్మే."

అక్క ముఖం కోసం చూసింది. చౌడేశ్వరి తల ఎత్తలేదు.

ఆగాలని అనిపించింది. అనిపించిందే గానీ కాళ్ళు ఆగలేదు. ఇన్నాళ్ళూ చీకటితో లేచి తొక్కింది ఇలాంటి రోజు కోసమేనని, ఈ చుట్టు అయ్యాక చూద్దామని అనుకుంది. ఆ చుట్టు అయ్యాక ఇంకో చుట్టు.

చివరి చుట్టులో రాళ్ళ మిట్ట దగ్గర షహనాజ్ చైను ఊడింది. ఆ పిల్ల కూర్చుని చైను తగిలించుకుంటుంటే హేమలత దాటేసింది. ముందు ఎవరూ లేరు. గుంత నడుమ బురద మోకాలి లోతైంది. అటు వెళితే దిగబడుతుంది. ఎడమ అంచు ఒక్కటే గట్టిగా ఉంది. అక్కడ చౌడేశ్వరి కూర్చుని చెంబు ముంచుతోంది. పక్కన బిందె ముక్కాలు నిండింది.

"జరుగు!" అని అరిచింది హేమలత. అక్కా అని కూడా అనలేదు. "జరుగు, జరుగు!"

చౌడేశ్వరి ఉలిక్కిపడి లేవబోయి, కాలు జారి, పెట్టెలోని చీరతో బురదలో కూలబడింది. ప్లాస్టిక్ బిందె దొర్లిన చప్పుడైంది. హేమలత వెనక్కి తిరిగి చూడలేదు.

గెలిచింది. ప్రణీత్ మెడలో పతకం వేసి, "సూపర్ హేమక్కా! బురదలో కుమ్మేసినావు" అన్నాడు. ఫోటోలు తీశారు. ఫోటోల్లో ఆమె నవ్వుతోంది కూడా.

సైకిల్ నడిపించుకుంటూ అక్క ఇంటికి వెళ్ళింది. బావ గంగాధరప్ప అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆమెను చూసి పక్కకు తిరిగాడు. చీర గోడ మీద ఆరేసి ఉంది, ఉతకలేదు. చౌడేశ్వరి పాత చీరలో పొయ్యి దగ్గర ఉంది.

"గెలిచినావా?"

"గెలిచినా."

"మంచిది."

"అక్కా, నేను చూసుకోలేదు..."

"చూసినావు లే." చౌడేశ్వరి గొంతు పెంచలేదు. "సంగటి ఉండాది, తిను. చేయి కడుక్కునేకి మాత్రం ఇంట్లో నీళ్ళు లేవు."

హేమలత ఎండిన బురదను చొక్కాకు తుడుచుకుని తింది.

మరుసటి వారం ఫోన్‌లో బావ చెప్పాడు. ట్యాంకర్ వచ్చినప్పుడు చౌడేశ్వరి బిందెను ఎవరూ వరసలో పెట్టనివ్వడం లేదట. అందరూ పట్టుకున్నాక, అడుగున ఏమన్నా మిగిలితే ఆమెకు.

ఆ ఆదివారం హేమలత క్లబ్బుకు పోలేదు. రెండు నీళ్ళ క్యాన్లు బస్సులో వేసుకుని ఊళ్ళో దిగింది. చౌడేశ్వరి వాటిని ఇంట్లో పెట్టనివ్వలేదు. ఇద్దరూ చెరొకటి మోసుకుంటూ మారెక్క ఇంటికి వెళ్ళారు.

మారెక్క గడప దాటి బయటికి వచ్చింది. క్యాన్ల వైపు చూసింది, హేమలత వైపు చూడలేదు.

"ఏమ్మా చౌడేశ్వరీ, బిక్షమా? మాకొద్దు. ఎత్తుకపొమ్మను."

"మారెక్కా, నాదే తప్పు" అంది హేమలత. "ట్యాంకర్ సంగతి నాకు తెలీదు. తెలిసినాక నిలబడలేదు, అదే తప్పు."

"నువ్వు బస్సెక్కి పోతావు తల్లీ. ఈడ ఉండేది మీ అక్క." మారెక్క లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఇంకో రెండు ఇళ్ళ దగ్గరా అంతే అయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. తిరిగి ఇంటికి వచ్చి చౌడేశ్వరి క్యాన్ల మూతలు విప్పి, రెంటినీ ఎనుముల తొట్టిలో వంచేసింది.

"తాగే నీళ్ళక్కా" అంది హేమలత.

"తెలుసు. నేనొక్కదాన్నే తాగితే రేపు ఆ మాట గూడా పడల్ల."

ఎనుము వచ్చి మూతి పెట్టింది. ఇద్దరూ నిలబడి అది తాగడం చూశారు. మధ్యాహ్నం బస్సు హారన్ వినిపించింది.

"పో, ఇది తప్పితే మళ్ళా సాయంత్రం దాకా లేదు" అంది చౌడేశ్వరి. ఖాళీ క్యాన్లు చెల్లెలి చేతికిచ్చి, లోపలికి పోయింది.