కంచె ఇవతలి నల్ల ఇసుక

ఈ కుర్చీలు చేసినవాడికి నడుమంటూ ఉండి ఉండదు, ఉంటే ఇంత గట్టి చెక్క వేస్తాడా అనుకుంటూ డెయోలిండా అటు ఒరిగింది, ఇటు ఒరిగింది, చివరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది, టౌన్ హాలులో ముందు నిలబడ్డ సన్నటి అబ్బాయి, మూతబడ్డ ఇనుప పోత కర్మాగారాన్ని కొనబోయే కంపెనీ మనిషి, ఇంకా చెబుతూనే ఉన్నాడు, విషం పట్టిన నేలను మేం బాగుచేయిస్తే ఆ ఖర్చులో సగం దాకా రాష్ట్రం మాకు పన్నులో తగ్గిస్తుందండీ, ఆ తగ్గింపు లేకపోతే ఈ పని మావల్ల కాదండీ, సీసం పట్టిన మట్టంతా తవ్వి లారీలకెత్తిస్తాం, కంచె లోపల, అన్నాడు, కంచె లోపల అని మళ్లీ అన్నాడు, ఆ కంచె ఇవతల మొదటి పెరడు తనదే, ద్రాక్ష పందిరి, దాని కింద చేటలంత ఆకులతో కేల్ కూర, అదంతా తన మొగుడు ఎర్మీనియో చలవ, ఆయన అక్కడ అచ్చుల్లో ఇనుము పోసేవాడు, ఆ అచ్చులకు వాడేసిన ఇసుక గుట్టలుగా పడి ఉంటే గేటు దగ్గర మనిషి పట్టుకుపొండి, పారబోసేదేగా అన్నాడట, మొదటి సాయంత్రం ఒక బకెట్టు తెచ్చి పెరట్లో కుమ్మరించి, చూడవే, అచ్చం మన దీవి ఒడ్డు ఇసుకే, అన్నాడు, నిప్పుకొండ దీవిలో పుట్టినవాళ్లకు మట్టంటే నల్లగానే ఉండాలి, ఈ ఊరి పసుపుపచ్చ మట్టిలో దిగులుపడి ఉన్న తను పిడికెడు తీసి వాసన చూసింది, ఆ తర్వాత వీధి వీధంతా తోపుడు బండ్లతో మోసుకుంది, పక్క వీధివాళ్లు నవ్వారు, మసి మోసుకుపోయే పిచ్చోళ్లని.

ఏమే, పేరిచ్చావట, ఏం మాట్లాడతావే నువ్వు, పక్కనుంచి నతెర్సియా గొణిగింది, పక్కింట్లోనే తనతోపాటు ముసలిదైన నతెర్సియా, నా ఇంటికి కొనేవాడు దొరికాడు తెలుసా, పెరట్లో కూడా ఆ ఇసుకే ఉందని నోరుజారావో వాడు పోతాడు, ఈ కుర్రాడూ పోతాడు, ఆ పాడుబడ్డ కర్మాగారాన్ని చూసుకుంటూ మనిద్దరం కూచుందాం, నిజమే, తనకెందుకు, నిలబడాలంటేనే కీళ్లు ఏడుస్తున్నాయి, అరిచే ఓపికున్నవాళ్లు అరుస్తారు, ఎర్మీనియో దగ్గి దగ్గి పోయినప్పుడు ఎవరరిచారు, కానీ పొద్దున మునిమనవడు దావీ కేల్ మొక్కల కింద పాకి నోటినిండా నల్లగా పూసుకుని నవ్వాడు, మనవరాలు కంగారుపడితే ఏం కాదులేవే, మన దీవి మట్టి, మీ అమ్మా ఇదే తిని పెరిగింది అంటూ రుమాలుతో మూతి తుడిచింది, ఆ రుమాలు సంచిలో ఇంకా తడిగానే ఉంది, సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికింది, మరక పోలేదు, ఎర్మీనియో చొక్కా చేతుల మరకా అంతే, ఏళ్ల తరబడి ఉతికినా పోలేదు, చిన్నప్పుడు దీవి ఒడ్డున పొర్లి వస్తే అమ్మ తన గౌను ఒక్కసారి నీళ్లలో ముంచేది, నలుపంతా జారిపోయేది, ఒక్కసారికే.

డెయోలిండా ఫుర్తాదో గారు ఉన్నారా అని ముందు నుంచి పిలిచారు, కూర్చోవే, అని నతెర్సియా కొంగు పట్టినట్టు కోటు అంచు పట్టుకుంది, డెయోలిండా రుమాలు తీసి ముందు కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా లేచింది, ఒళ్లంతా వద్దంటోంది, అయినా లేచింది, ఎందుకంటే ఇన్నేళ్లు పిల్లలకు వండిపెట్టింది తన దీవి మట్టిలో పండింది కాదు.