పోగు అతికేదాకా

మా బాపు కాళ్లు ఊరికే ఉండవు. సిరిసిల్లలో చిన్నప్పటి నుంచి గుంట మగ్గం తొక్కిన కాళ్లు అవి. పవర్‌లూమ్‌లు వచ్చాక ఆ గుంట పూడ్చి పైన బండలు పరిచారు. అయినా నిద్రలో ఆయన పాదాలు ఒకదాని తర్వాత ఒకటి ఆడుతూనే ఉండేవి. ఈయన నిద్రల నేసిన బట్ట ఊరందరికీ కప్పొచ్చని అవ్వ, అంటే మా అమ్మ, ఎగతాళి చేసేది.

కరీంనగర్ ఆసుపత్రిలో ఆ కాళ్లే అడ్డం పడ్డాయి.

బాపుకు ప్రోస్టేట్‌లో ఒక మచ్చ ఉందని ఎమ్మారైలో కనపడింది. అంతకు ముందు మామూలు పద్ధతిలో పరీక్షకు ముక్క తీస్తే సూది ఆ మచ్చకు తగల్లేదు, ఏమీ తేలలేదు. ఈసారి రోబోతో అన్నారు. డాక్టర్ కరుణాకర్ మాకు తెర మీద చూపించాడు. ముందే తీసిన ఎమ్మారై బొమ్మను, అప్పటికప్పుడు స్కానింగ్‌లో కనపడే బొమ్మ మీద పరుస్తారట. మచ్చ ఎక్కడుందో చూసుకుని మర చెయ్యి సూదికి దారి చూపుతుంది, డాక్టర్ పొడుస్తాడు. మనిషి కదిలితే రెండు బొమ్మలూ కలవవు. నూలు దుమ్ముకు పాడైన ఊపిరితిత్తులు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వడానికి భయపడ్డారు. నడుములో పాత ఆపరేషన్ రాడ్డు ఉంది, అక్కడ మత్తు సూది కుదరదు. ఆ చోటు వరకే మొద్దుబార్చి, మెలకువగా ఉండగానే చెయ్యాలి.

రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆపారు. కాళ్లు ఎత్తి పట్టీలు కట్టినా, మర చెయ్యి గుయ్యిమని కదలగానే బాపు మోకాళ్లు మార్చి మార్చి ఊగుతున్నాయట. ఇంకోసారి ఇట్లయితే వదిలేస్తామని, మచ్చ చెడ్డదో కాదో తెలియకుండానే ఇంటికి పంపాల్సి వస్తుందని డాక్టర్ బయటికి వచ్చి చెప్పాడు.

నాకు బాపు మీద కోపం వచ్చింది. అవ్వ మాత్రం కాళ్లు ఎట్ల ఊగుతున్నాయని అడిగింది. డాక్టర్ చేతులతో చూపించాడు.

"నన్ను జర లోపల్కి పోనియ్యుండ్రి," అంది.

ఆయన కొంచెం తటపటాయించి, గౌనూ మాస్కూ గ్లౌజులూ ఇప్పించాడు. తలుపు కొద్దిగా తెరిచి ఉంచితే నేను పక్కన నిలబడ్డాను. బాపు నడుము దగ్గర అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. అవ్వ తల దగ్గర స్టూలు మీద కూర్చుంది.

మర కదిలింది. పచ్చగుడ్డ ఊగింది.

"ఇగో, పోగు తెగింది," అంది అవ్వ. "కాళ్లాపు."

గుడ్డ ఊగడం ఆగిపోయింది.

ఆ మాట విని ఎన్నేళ్లయిందో. పడుగులో పోగు తెగితే బాపు పాదాలు ఎక్కడివక్కడే బిగబట్టేవాడు. కాలు కదిలితే పోగుల మధ్య సందు మూసుకుపోతుంది. అవ్వ పక్కన చేరి, వేళ్లు గంజినీళ్లలో తడుపుకుని, తెగిన కొసలు వెతికి మెలిపెట్టేది. మగ్గం ఆడుతున్నంతసేపూ మా ఇంట్లో మాట వినపడేది కాదు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఆ కాసేపే. కూరకేముంది, పిల్లకు జ్వరం తగ్గిందా అని చిన్నగా. కిటికీ ఎండలో నూలు దుమ్ము తేలుతుండేది. ఇంకో పోగు తెగితే బాగుండని కోరుకునేదాన్ని నేను.

"దొరికిందా?" బాపు అడిగాడు.

"ఒక కొస దొరికింది. రెండోది లోపల్కి పోయింది. ఆగు."

టక్కుమని చప్పుడైంది. ఒక ముక్క వచ్చింది. కాసేపటికి ఇంకోటి.

"మమత వచ్చిందా?" బాపు నా గురించి అడిగాడు.

"బయటనే ఉన్నది. ఇంటికి పోయినంక శెనగలు ఉడకబెట్టి గుడాలు చేస్త."

"ఉల్లిగడ్డ ఎక్కువెయ్యి."

గ్లౌజు తొడిగిన అవ్వ బొటనవేలూ చూపుడువేలూ గాలిలోనే ఏదో మెలిపెడుతున్నాయి.

చివరి ముక్క సీసాలో వేసి డాక్టర్ నా వైపు తలూపాడు. ఈసారి మచ్చలోంచే వచ్చిందట. రిపోర్టుకు వారం పడుతుందన్నాడు.

నర్సు పట్టీలు విప్పి ఇక కాళ్లు దించొచ్చంది. బాపు దించలేదు. అట్లాగే బిగబట్టుకుని అవ్వ మొహంలోకి చూశాడు.

"పోగు అతికింది," అంది అవ్వ.

అప్పుడు దించాడు.