నెమ్మది దశ

“నీ ఒక్కదానితోనే అందరికి లేటైతది,” అన్నాడు నా భర్త లింబాద్రి, వంటింటి గడపలో నిలబడి. ఆయన చేతిలో ఒక సాక్సు ఉంది. రెండోది వెతకడం నా పని. నేనేమో పులిహోరకు చింతపండు పిసుకుతున్నాను.

మెండోర నుంచి ఆయన పెద్దమ్మ వాళ్లు వస్తున్నారు. అంతా కలిసి కందకుర్తి గోదావరి సంగమానికి స్నానాలకు పోవాలట, పులిహోర కట్టివ్వాలట. నాకు తొమ్మిదింటికి కాలేజీలో క్లాసు చెప్పేదుందని వారం నుంచి చెబుతున్నాను. రోజూ ఉండే క్లాసు కాదది. సెకండియర్ కెమిస్ట్రీ నాకివ్వాలా, నిరుడు చేరిన ప్రేమ్‌కివ్వాలా అని ప్రిన్సిపాల్ దశరథం సారు వెనక బెంచీలో కూర్చుని తేలుస్తారు. “సంసారమున్న ఆడోళ్లకు ఫస్టియరే ఆరాం మేడం. రేపు గిట్ల లేటైతే నన్ను అడగొద్దు,” అని నిన్న స్టాఫ్‌రూంలో అందరి ముందూ అన్నారు. సంసారం ప్రేమ్‌కూ ఉంది. అతని సాక్సులు ఇంకెవరో వెతుకుతారు.

పెళ్లయినప్పటి నుంచీ ఈ ఇంట్లో నాకు నెమ్మది మనిషి అనే పేరు. ఈరోజు చెప్పబోయే పాఠం కూడా అదే. ఒక రసాయన చర్య చాలా దశల్లో జరిగేటప్పుడు, అన్నిటికంటే నెమ్మదిగా నడిచే దశే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగతా దశలు ఎంత చురుగ్గా ఉన్నా లాభం లేదు. మా ఇంట్లో ఆయన స్నానం చురుకు, మా అత్త హన్మవ్వ పూజ చురుకు. ఎందుకు కావు? నీళ్లు కాచింది నేను, పూలు కోసి పెట్టింది నేను. ఇంటిల్లిపాది పనీ ఒక్క మనిషి చేతుల మీదుగా పోతుంటే ఆ మనిషి నెమ్మదిగా కాక ఇంకెలా ఉంటుంది? ఒళ్లు మండిపోయింది నాకు.

“సుట్టాలొచ్చే యాలయింది. గింత సోయి లేదు పిల్లకు,” అంది హన్మవ్వ.

“జల్ది చెయ్యరాదు,” అన్నాడు ఆయన, గొంతు పెంచి.

నవ్వొచ్చింది. కొన్ని చర్యలుంటాయి, పదార్థం గాఢత ఎంత పెంచినా వాటి వేగం పెరగదు. శూన్య క్రమాంక చర్యలంటాం. వీళ్ల అరుపులకూ నా చేతులకూ ఉన్న సంబంధం అదే.

చేతులు కడుక్కుని బ్యాగు తీసుకున్నాను.

“ఎటు పోతున్నవ్?”

“క్లాసుకు.”

“మరి పులిహోర?”

“అన్నం ఉడికింది. పులుసు మీరు కాచుండ్రి, పోపు మీరే పెట్టుండ్రి.”

“నేనా?” అన్నాడు, ఆ సాక్సు అలాగే పట్టుకుని. నా కాళ్లు ఆగలేదు.

తొమ్మిదికి ముందే బోర్డు దగ్గరున్నాను. కోసిన చెరుకు ఎండలో నిలవుంటే చక్కెర ఎందుకు తగ్గుతుందో అడిగాను. వేడి పెరిగే కొద్దీ చర్య వేగం ఎలా పెరుగుతుందో చెప్పి, దశల దగ్గరికి వచ్చాను. అంతలో బల్ల మీద ఫోన్ గురగురలాడింది. లింబాద్రి. ఆగింది, మళ్లీ మొదలైంది.

“ఇంటి నుంచి గావచ్చు. సూసుకోండ్రి మేడం,” అన్నారు దశరథం సారు, వెనక బెంచీలో తన పక్కనే కూర్చున్న ప్రేమ్ వైపు చూసి నవ్వుతూ.

“వాళ్లే సూసుకుంటరు సార్,” అని ఫోన్ ఆపేశాను.

బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చే రుక్సార్ చెయ్యెత్తింది. “మేడం, గా స్లో స్టెప్‌నే తీసేస్తే ఏమైతది?”

పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. సారు కూడా.

“వేరే దారి దొరికితే రియాక్షన్ గా దారిల నడుస్తది. దొరకకపోతే ఆగుతది,” అన్నాను. “గా ఫికరు మాత్రం స్లో స్టెప్‌ది కాదు.”