నేలకు దింపరాని అసిమి

మండువేసవి మార్తాండుడు నడినెత్తిన నిలిచి చండకిరణపరంపరచే ధరణీతలమును వేపుచుండ పక్షులు కిక్కురుమనక కొమ్మలం దణగియుండ గోదావరికి బోవు బాట నిర్మానుష్యమై తెల్లగా మెఱయుచుండెను. ఆ వేళ బాటప్రక్కనున్న యింట ముద్దుకూతురు మాణిక్యము కనబడదయ్యెను.

తల్లి పేరిందేవి బిడ్డ తుమ్మిన సన్నిపాతమనియు గడప దాటిన నూతిలో బడెననియు తలంచు పిఱికిగుండె గలది. అల్లరి మానకున్న బాటసారులు అసిమిలో వేసికొని పోదురని బిడ్డను బెదరించునదియు తానే. కావున దాహమని వాకిట నిలిచిన గవరయ్య యను వృద్ధుని భుజమున ఇరువైపుల నుబ్బి వ్రేలాడు నసిమిని జూడగానే యామె పైప్రాణములు పైననే పోయెను.

"ఏముందందులో? దించు!"

"నీ కాళ్లకి మొక్కుతాను తల్లీ, వెనకది నేలకి దించకూడదు."

"దించకూడదట! విన్నావా సూరమ్మత్తా?" అని పొరుగింటి ముసలమ్మను కేకవైచి పేరిందేవి యసిమిని పట్టి లాగెను. అటుకులు చెదరెను. ఎఱ్ఱగుడ్డ మూతిగట్టిన చిన్నకుండ దొర్లి మట్టిలో నాగెను. అంతలో గాదెచాటున నిద్రించిన మాణిక్యము కన్నులు నులుముకొనుచు వచ్చి "అమ్మా, ఆకలి" అనెను.

వృద్ధుడు కుండను రెండుచేతుల నెత్తి గుండెకు హత్తుకొనెను.

"అసిమంటే రెండు కడుపుల సంచమ్మా, నడుమన నోరు. ఎద్దు మీద వేసేవోరంట. ఎద్దు లేనోడు తన భుజానేసుకున్నాడు. ఆ పేరెలా పుట్టిందో మా తాతకీ తెలవదు. ముందుదాంట్లో తినేది, వెనకదాంట్లో మోసేది. ఇది మా ఇంటిదాని అస్థికలు. గోదారి దాకా నేల తగలనీనని మాటిచ్చాను. రాత్రుళ్లు కొమ్మకి కట్టి కింద కూకున్నాను."

పేరిందేవికి భూమి విచ్చి తన్ను మ్రింగిన బాగుండు ననిపించెను.

"నాలుగు తిట్టు బాబూ."

"తిట్టడానికి ఓపికేదమ్మా? నాకూ ఆకలే."

ఆమె విస్తరి వేసి యన్నము వడ్డించెను. ఒకచేత కుండను మోయుచు నతడు కలుపుకొనలేక తడబడుట చూచి కుండ నిమ్మని చేతులు చాచెను.

"మతిపోయిందటే! ముత్తైదువవి, దాన్ని ముట్టుకుంటావా?" అని సూరమ్మ యఱచెను.

సంతకు బోయిన భర్తయు త్రోవలో బండి బోల్తాపడుటయు పీడకలవలె నామె కన్నుల గట్టెను. చాచిన చేతులు మాత్రము వెనుకకు రాలేదు.

గవరయ్య మెల్లగా, కడుపార భుజించెను. అంతవఱకు పేరిందేవి నడియెండలో నిలిచి యాకుండను మోసెను. పిడికెడు బూడిదకు బరువేమియు లేదు; అయినను ఆమె తల యెత్తలేకపోయెను.