చప్పుడు చేయని లారీ

కూడలి దగ్గర అతను రోజూలాగే ఆగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగాడు. అక్కడ ఎవరూ లేరు. పదకొండేళ్ళ క్రితం పాల క్యాన్లు మోసుకెళ్ళే సైకిలతన్ని ఒక ఇసుక లారీ ఆ మలుపులోనే ఒరుసుకుంటూ పోయింది. అతన్ని ఇతను చూసింది తర్వాత, ఆఫీసు బెంచీ మీద, చంకలో కర్రతో. అయినా ఆ మలుపు తిరిగిన ప్రతిసారీ సైకిలు గంట వినిపిస్తుంది. అలాగే లారీల కింద పడ్డవాళ్ళే, మందుల దుకాణం ముందు ఒక తల్లీ కూతురూ, వంతెన మొదట్లో గోడలకు రంగులు వేసే మనిషీ ఉన్నారు. ఇంటి నుంచి ఆఫీసుకు ఇరవై నిమిషాల నడకలో అతను తప్పుకోవలసినవాళ్ళు మొత్తం ఆరుగురు.

లారీ ప్రమాదాల కేసులు చూసే ప్లీడరు దగ్గర అతను టైపిస్టు. చేరి ముప్ఫై ఒక్కేళ్ళయింది. పెద్ద ప్లీడరు పోయి, ఆయన కొడుకు ఆ కుర్చీలో కూర్చున్నా, టైపు మిషను దగ్గరి స్టూలు మీద మాత్రం మనిషి మారలేదు. అందరూ టైపు బాబాయ్ అంటారు. పొట్టి మనిషి. మెడ ఎప్పుడూ ఎవరో చెబుతున్నది వింటున్నట్టు ఎడమవైపుకు వాలి ఉంటుంది. వేళ్ళ కొసలు మాత్రం చదునుగా, నున్నగా, వేరే మనిషివేమో అనిపించేట్టు ఉంటాయి.

పొద్దున అన్నం డబ్బా చేతికిస్తూ భార్య అంది: "రాత్రి మళ్ళీ నా వీపు మీద టైపు కొట్టారు."

"ఏం కొట్టాను?"

"నాకేం తెలుసు? చదువుకుందామంటే నా వీపు నాకు కనపడి చావదు కదా."

అతను నవ్వలేదు. నవ్వే రోజైతే నవ్వేవాడే.

మెట్లెక్కేసరికి కుట్టుపని చేసే ఆమె అప్పటికే బెంచీ మీద ఉంది. కుడికాలు మోకాలి దాకా కట్లతో చాచి, దాని కింద తమ్ముడి సంచీ పెట్టుకుంది. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ కాలికి రెండో ఆపరేషన్ నెలలోపు జరగాలి. కేసు నిలబడితే ముందుగా కొంత పరిహారం చేతికొచ్చి జరుగుతుంది. లేకపోతే మోకాలి కింద తీసేయడమే దారి అన్నారు డాక్టర్లు. ఆమె మిషను కాలితో తొక్కేది.

యువ ప్లీడరు గదిలోంచే పిలిచాడు. "బాబాయ్, ఇది మీరు కొట్టిందే కదా?"

అతను వెళ్ళి చూశాడు. ఆమె ప్రమాణపత్రం, రెండో పేజీ. 'సదరు లారీ ఎదురుగా అతివేగంగాను, అజాగ్రత్తగాను దూసుకువచ్చి నన్ను ఢీకొన్నది.'

"నేను కొట్టిందేనండి."

"అవతలివాళ్ళు తనిఖీ రిపోర్టు పెట్టారు. లారీలో మనిషే లేడు. ఇంజను ఆపి ఉంది. డ్రైవరు టీ తాగడానికి దిగితే, ఎత్తు మీద నుంచి వెనక్కి జారుకుంటూ వచ్చింది. మోయలేనంత బరువు, పట్టు వదిలేసిన హ్యాండ్ బ్రేకు, చక్రాల కింద రాళ్ళు లేవు. అంటే ఈవిడ లారీని చూడనే లేదు, మనం నేర్పిన పాఠం అప్పజెబుతోందని వాళ్ళ వాదన. మధ్యాహ్నం రెండింటికి జడ్జిగారి ముందు మనం చెప్పేదేం లేకపోతే కొట్టేస్తారు."

బెంచీ మీది మనిషికి ఇదంతా వినిపిస్తూనే ఉంది. "నేనెక్కడన్నానండీ స్పీడని? చప్పుడే లేదన్నాను. ఆ బాబాయిగారికే చెప్పాను."

"మరి సంతకం పెట్టేటప్పుడు చదివి వినిపించలేదా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"వినిపించారు. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి రైలెళ్ళినట్టు వెళ్ళిపోయింది. బాబాయిగారు పెద్దవారు కదా, ఏదో కోర్టు మాటలే అనుకున్నా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతనికి భరించరానిదయింది.

ఆ వాక్యం అతనిది కాదు. చేరిన కొత్తలో పెద్ద ప్లీడరు చెప్పి రాయించింది. "ఇది లేని కాగితం నా బల్ల మీదికి రాకూడదు" అన్నాడాయన. అప్పటి నుంచి ఎవరేం చెప్పినా రెండో పేజీలో ఆ వాక్యం వచ్చి కూర్చునేది. వేళ్ళు దాన్ని ఒక్క మాటలాగా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా కొట్టేవి. ఆ ఒక్కచోట అతను వినడం మానేసేవాడు.

అల్మరాలోంచి తన షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసి, ఆమె చెప్పిన రోజు పేజీ వెతికాడు. ఆ గీతలు అతను తప్ప ఇంకెవరూ చదవలేరు. నిలబడే పైకి చదివాడు, ఈసారి నెమ్మదిగా.

"అరుగు మీద కూర్చుని కుడుతున్నాను. నా మిషను చప్పుడు తప్ప ఇంకేం లేదు. నీడ ముందొచ్చింది. గుడ్డ మీద నీడ పడితే మబ్బేసిందనుకున్నాను."

బెంచీ మీద ఆమె తల ఊపింది, తన వస్తువు తనకు దొరికినట్టు.

ఆ మాటలు తన చేత్తోనే రాసుకుని కూడా ఎందుకు అలా కొట్టాడు? అతనికి తెలుసు. వేగమంటే ఒక మనిషి ఉంటాడు, తిట్టుకోవడానికి ఒక ముఖం ఉంటుంది. చప్పుడు లేకుండా వచ్చిన దాని వెనక ఎవరున్నారని అడగాలి. సైకిలతన్ని కొట్టిన డ్రైవరు అంతకుముందు రెండు రాత్రులు కన్ను మూయలేదు. వంతెన దగ్గరి లారీ టైరు అరిగి అరిగి దారాలు బయటపడింది. ఆ నిద్ర తిన్నవాళ్ళూ, ఆ టైరు మార్చనివాళ్ళూ అతని కాగితాల్లోకి ఒక్కసారీ రాలేదు. ముప్ఫై ఒక్కేళ్ళుగా వాళ్ళందరినీ ఆ ఒక్క వాక్యం వెనక దాచింది తన వేళ్ళే. కూడలిలో సైకిలు గంట ఎందుకు ఆగదో అతనికి అర్థమయినట్టయింది.

"ఆ వాక్యం ఆవిడది కాదు, నాదని ప్రమాణం చేస్తానండి. ఈ పుస్తకం కూడా పెడదాం."

ప్లీడరు తలెత్తాడు. "ఇక్కడ నడుస్తున్న కేసులు నలభై పైనే ఉన్నాయి బాబాయ్. అన్నిట్లో ఇదే వాక్యం ఉంది. ఇది మీదంటే, మిగతావి ఎవరివి?"

"అన్నీ నావేనండి."

గోడ మీద పెద్ద ప్లీడరు ఫొటో ఉంది. ఇద్దరూ అటు చూడలేదు.

"ఒక్కొక్కళ్ళనీ పిలిచి మళ్ళీ చదివి వినిపించండి. ఏది చెప్పారో అదే రాయించండి" అన్నాడు టైపిస్టు.

"చేయిస్తాను. కానీ మీరు ఇంకా ఇక్కడే పనిచేస్తుంటే, ఇది కూడా నేను చెప్పి రాయించిందే అంటారు అవతలివాళ్ళు."

"ఊ."

"ఉద్యోగం పోతుందని తెలిసే అంటున్నారా?"

"ముప్ఫై ఏళ్ళు ప్లీడరు గుమాస్తాని బాబూ. ఆమాత్రం తెలియదా?"

అతను కాగితం ఎక్కించి 'నేను' అని కొట్టాడు. వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ మాట కొన్ని వేలసార్లు కొట్టి ఉంటాడు. నేను రోడ్డు దాటుచుండగా, నేను నా బిడ్డను ఎత్తుకొని యుండగా. ఆ నేనుల వెనక ఒక గొంతు ఉండేది, అతను దాని వెంట నడిచేవాడు. ఈ నేను వెనక ఎవరూ లేరు. గదిలో మిషను మూగగా ఉంది. ఒక్కో అక్షరం వెతికి వెతికి, పని నేర్చుకునేవాడిలా, ముప్పావుగంటలో పదకొండు పంక్తులు కొట్టాడు. మూడు తప్పులు పడ్డాయి. దిద్దలేదు.

కోర్టు వరండాలో తమ్ముడు నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆమె అడిగింది. "బాబాయిగారూ, రాత్రిళ్ళు నిద్ర పడుతుందా మీకు?"

"ఏం?"

"మా అందరివీ విన్నారు కదా. నాది ఒక్కటే నన్ను పడుకోనివ్వడం లేదు."

"మా ఆవిడ వీపు మీద టైపు కొడతానట."

ఆమె ఫక్కున నవ్వి, కాలు కదిలి నొప్పితో పెదవి కొరుక్కుని, మళ్ళీ నవ్వింది. "పాపం ఆవిడకి ఎవరు ప్లీడరు?"

జడ్జి అతన్ని రెండే ప్రశ్నలు అడిగాడు. ఆమె ఈ మాట చెప్పిందా? చెప్పలేదు. మరి ఎందుకు రాశావు? "అలవాటుగా రాశానండి. వినకుండా." అవతలి ప్లీడరు లేచి ఏదో అన్నాడు. జడ్జి చాలాసేపు పుస్తకంలోని గీతల వైపు చూసి, ఆమె నోటితోనే మళ్ళీ వాంగ్మూలం తీసుకోమన్నాడు. ఆమె బోనులో కుర్చీ వేయించుకుని కూర్చుంది. నీడ ముందొచ్చింది అని మొదలుపెట్టింది. కేసు కొట్టేయలేదు. బ్రేకులు చూడవలసినవాడినీ, బరువు ఎక్కించినవాడినీ పిలిపించమని జడ్జి రాశాడు.

అయిదు గంటలకు అతను ఆఫీసుకు వచ్చి అల్మరా తాళంచెవి బల్ల మీద పెట్టాడు. డబ్బాలో అన్నం అలాగే ఉంది. యువ ప్లీడరు ఏదో అనబోతే, "వస్తానండి" అన్నాడు రోజూ అన్నట్టే. మెట్లు దిగాడు. కూడలి దగ్గర ఆగలేదని చెప్పడానికి లేదు. ఆగాడు. ఈసారి పక్కకు జరగలేదు. గంట వినిపించినంతసేపూ నిలబడి, చివరిదాకా విన్నాడు.

అతను మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఆ రోజే చీకటి పడ్డాక ప్లీడరు లైటు వేసి, కొత్త మనిషి కోసం టైపు బల్ల సొరుగు ఖాళీ చేయబోయాడు. లోపల, బాబాయ్ వేళ్ళకు రాసుకోగా ఎవరూ ఎప్పుడూ చూడని నొప్పుల మందు డబ్బా ఒకటుంది. మూత సరిగా పడలేదు. పచ్చటి మందు మధ్యలో, అడుగు రేకు కనిపించేంత లోతుగా, ఒక వేలి కొస పట్టే గుంట.