టోర్కిల్ కోటు బట్ట

రీలు తోక టపటపా కొట్టుకుంటున్న చప్పుడు నాకు వినపడలేదు. ఎలా వినపడుతుంది? ఎనిమిదిమంది ఆడవాళ్లం తడి ఉన్నిబట్టను బల్ల మీద దబదబా బాదుతుంటే పిడుగు పడినా వినపడదు. పాట అయిపోయి, బేహక్ పెద్దమ్మ చేతులు వదిలేసి ఊపిరి తీసుకున్నప్పుడు తల తిప్పి చూశాను. పాట రికార్డు చేసే మిషను మీద ఒక చక్రం ఖాళీ. టేపు ఎప్పుడో అయిపోయింది.

లేచి వెళ్లి మిషను ఆపాను.

నాకు అప్పగించిన పని ఒక్కటే, రీలు మార్చడం. మగ్గం దిగిన ఉన్నిబట్టని చిక్కబడేలా దంచే ఇంట్లోకి మగవాడు అడుగు పెట్టకూడదు. పెడితే ఆడవాళ్లంతా కలిసి వాణ్ణి తడిబట్టలో చుట్టి దొర్లిస్తారు. పాత ఉచ్చలో నానేసిన బట్ట మరి, ఆ తర్వాత వాడి పక్కన వారందాకా ఎవరూ కూర్చోరు. అందుకని ఆ మిషనునీ, దానికి కారు బ్యాటరీనీ వీపున మోసుకొచ్చిన యాఖన్ కిటికీ బయట వానలో నిలబడ్డాడు. పాత పాటలు టేపు మీదికి ఎక్కించే యూనివర్సిటీ ఉద్యోగమైనా పక్కదీవిలో పుట్టినవాడే, మర్యాద తెలుసు. "మార్సలీ, పెద్దపాట ఎత్తుకునే ముందు లేచి కొత్త రీలు ఎక్కించు, అంతే," అని పొద్దున్నుంచి నాలుగుసార్లు చెప్పాడు. నేను నాలుగుసార్లూ తలూపాను. తీరా పెద్దమ్మ ఎత్తుకున్నప్పుడు నా చేతులు బట్టని వదల్లేదు. పెద్దమ్మ ఆ పాట అందుకుంటే మా ఊళ్లో ఎవరి చేతులూ వదలవు.

ఆ పాటకి నలభై ఒక్క చరణాలు. పూర్తిగా వచ్చింది ఈ దీవి మొత్తానికి ఆమె ఒక్కదానికే. సాయంత్రం అయిదింటి స్టీమరుకి ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళుతున్నారు, గొంతులో గడ్డ కోయడానికి. "ప్రాణానికి భయం లేదు. గొంతు సంగతి మాత్రం చెప్పలేను," అన్నాడు డాక్టరు. అప్పటికి టైము మూడుంపావు.

"ఏమైంది?" అన్నాడు యాఖన్ కిటికీ లోంచి నా మొహం చూసి.

"రీలు మార్చలేదు," అన్నాను.

అతను తిడితే బావుండేది. నుదురు గోడకి ఆనించి అలాగే నిలబడ్డాడు. "ఎంతవరకు వచ్చింది?"

"పది, పదకొండు చరణాలు వచ్చుంటాయి."

"పెద్దమ్మా, ఇంకొక్కసారి..." అని మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి కాకుండానే ఓయ్రిక్ లేచింది. ఆ రోజు బల్ల మీదున్న బట్ట ఆవిడదే, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు కోల్లాకి కోటు కుట్టించడానికి. వాడు సోమవారం ఓడ ఎక్కుతున్నాడు.

"ఏంటబ్బాయ్, ఇంకొక్కసారి? ఒకే బట్ట మీద ఒకే పాట రెండుసార్లా? మీ అమ్మ నీకు అంతమాత్రం చెప్పలేదా?"

"చెప్పిందక్కా. తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా! అలా పాడిన బట్ట కట్టుకున్నవాడు ఒడ్డుకి రాడు. నా కొడుకు కోటు మీదా నీ ప్రయోగాలు?"

ఎవరూ ఆవిణ్ణి కాదనలేదు. నేనూ కాదనలేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి, సముద్రం మీదికి పంపే కొడుకు మీకుంటే అప్పుడు మాట్లాడదాం.

"బట్ట లేకుండా పాడితే? ఉత్త బల్ల బాదుతూ?" అన్నాడు యాఖన్, అడక్కూడదని తెలిసే.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నిన్న మా వంటింట్లో చూశావుగా నాయనా. ఉత్తినే పాడబోతే ఆరో చరణం దగ్గర ఆగిపోలా? బరువు చేతిలో ఉంటేనే నాకు మాట నోట్లోకొస్తుంది. నేనేం చెయ్యను?" ఆమె చెయ్యి గొంతు మీద ఉంది. అక్కడ కోడిగుడ్డంత గడ్డ.

"అయితే వేరే పచ్చిబట్ట కావాలి. మగ్గం దిగాక దంచని బట్ట. ఈ ఊళ్లో ఎవరి దగ్గరా లేదా?"

అందరూ తమతమ చేతులు చూసుకోవడం మొదలుపెట్టారు. నా వైపు చూడకుండా ఉండటానికి వాళ్లు పడుతున్న పాట్లు చూస్తే నాకు ఒళ్లు మండింది.

ఉంది. నా పెట్టెలో ఆరేళ్లుగా ఉంది. నా మొగుడు టోర్కిల్ కోటుకని ఆ చలికాలమంతా నేను నేసిన బట్ట. శుక్రవారం దంచుదామనుకున్నాం. బుధవారం అతను సముద్రంలో వేసిన పీతల బుట్టలు ఎత్తడానికి వెళ్లాడు. పడవ ఒక్కటే తిరిగొచ్చింది. బట్టని పచ్చిదాన్ని పచ్చిగానే మడిచి పెట్టెలో పెట్టి మూత వేశాను. పాడైపోతుందే అని ఎవరైనా అంటే వాళ్ల నోరు మూయించాను. అతని పేరు కూడా ఎత్తనివ్వలేదు. నేనూ ఎత్తలేదు.

"మార్సలీ," అంది ఓయ్రిక్.

"నోర్ముయ్! నీ కొడుకు బట్ట మీద వద్దుగానీ నా మొగుడి బట్ట మీద కావాలా?"

"నావాడు సోమవారం ఓడెక్కాలే." ఆవిడ గొంతు తగ్గింది. "నీవాడికి ఇంక ఏ కీడు తగుల్తుంది, చెప్పు?"

చాచి కొడదామనుకున్నాను. ఆవిడ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు. పెద్దమ్మ మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ససేమిరా అనేదాన్ని, నా బుద్ధి నాకు తెలుసు.

రెండు పొలాలు దాటి మా ఇల్లు. బురదలో పరిగెత్తాను, ఒకచోట మోకాళ్ల మీద పడ్డాను. పెట్టె మూత ఎత్తగానే పచ్చి ఉన్నికుండే గొర్రె జిడ్డు వాసన కొట్టింది, నేను నేసిన రోజున ఎలా ఉందో అలాగే. చిమ్మట కొట్టలేదు. కొట్టి ఉంటే ఎంత బావుండునో అని ఒక్క క్షణం అనుకున్నాను, దాచుకోవడం దేనికి. చంకలో పెట్టుకుని మళ్లీ పరుగు.

నేను వెళ్లేసరికి కోల్లా బట్ట తీసేసి నానేసే తొట్టి సిద్ధంగా పెట్టారు. నాలుగూ పది. బట్ట నానిందో లేదో చూసుకునే తీరిక లేదు. యాఖన్ కిటికీ లోంచి చెయ్యి పెట్టి కొత్త రీలు అందించాడు, నేను ఎక్కించాను. నా చోట కూర్చోబోతే పెద్దమ్మ ఆపింది.

"నువ్వు కాదే. నువ్వు మిషను దగ్గరుండు. చెయ్యి దానిమీదే ఉండాలి."

న్యాయమే. ఇందాక చేసిన తప్పుకి అదే శిక్ష. ఏడుగురు ఆడవాళ్లు నా టోర్కిల్ బట్టని బాదుతుంటే నేను దూరంగా నిలబడి తిరిగే చక్రాన్ని చూశాను. ఒక్క దెబ్బ కూడా నా చేతిది కాదు. బట్ట కుడిచేతి నుంచి ఎడమచేతికి, ఎడమ నుంచి పక్కదాని కుడికి, పొద్దు తిరిగే దిక్కునే తిరిగింది. పెద్దమ్మ ఒక్కో చరణం ఎత్తింది, మిగతావాళ్లు పల్లవి అందుకున్నారు. పది. పదిహేను. ఇరవై రెండు.

ముప్ఫై మూడో చరణం దగ్గర దగ్గు తెర వచ్చింది. మాట ఆగింది. చేతులు మాత్రం ఆపలేదు ఎవరూ. చేతులు ఆగితే పాట చచ్చినట్టే. ఓయ్రిక్కే పల్లవి మళ్లీ అందుకుంది, గట్టిగా, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పెద్దమ్మ మొహం నల్లబడింది. చక్రం మీద టేపు వేలెడు మందం మిగిలింది. నాలుగోసారి పల్లవి అయ్యేలోపు ఆమె కళ్లు మూసుకుని ముప్ఫై మూడో చరణం పట్టుకుంది. ఓడరేవు వైపు నుంచి స్టీమరు మొదటి కూత వినపడింది. ఆమె తొందరపడలేదు.

నలభై ఒకటి. చేతులు ఆగాయి. నేను మీట నొక్కబోయాను.

"ఆగు. ఇంకా అవలేదు," అంది పెద్దమ్మ, పీలగా. బట్టని చుట్టగా చుట్టి మూడుసార్లు తిప్పారు. దంచిన బట్ట ఎవరిదో చెప్పకుండా బల్ల మీంచి తియ్యకూడదు.

"ఎవరిదమ్మా ఈ బట్ట?" అంది.

అందరికీ తెలుసు. అయినా ఎవరూ చెప్పడానికి వీల్లేదు, నేసినదే చెప్పాలి. రెండోసారి అడిగింది. రేవు నుంచి రెండో కూత. మూడోసారి అడగడానికి ఆమెకి గొంతు లేదు, పెదవులు మాత్రం కదిలాయి.

"ఇయాన్ కొడుకు టోర్కిల్‌ది," అన్నాను. ఆరేళ్ల తర్వాత ఆ పేరు నా నోట్లోంచి వచ్చింది. మీట నొక్కాను.

పెద్దమ్మ బతికే తిరిగొచ్చింది. ఇంకో నాలుగేళ్లు ఉంది. గుసగుసగా మాట్లాడేది, పాట మాత్రం మళ్లీ లేదు. యాఖన్ ఉత్తరం రాశాడు: టేపు చివర నీ మాట ఉంది, కత్తిరించమంటావా అని. నేను జవాబు రాయలేదు.

ఇన్నేళ్లకి, మొన్న వేసవిలో ఊరి హాలుకి రమ్మంటే వెళ్లాను. బడిపిల్లలు, ఆడపిల్లలు, ఎవరిదో పాత దుప్పటి తడిపి బల్ల మీద బాదుతూ ఆ పాట పాడారు. టేపు విని నేర్చుకున్నారట. ముప్ఫై మూడో చరణానికి ముందు పల్లవి నాలుగుసార్లు పాడారు. పాటే అలా ఉంటుందని వాళ్ల నమ్మకం. చివర్లో పెద్దపిల్ల, "ఎవరిదమ్మా ఈ బట్ట?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి ఊరికే పెదవులు కదిపేంతసేపు ఆగింది. మిగతా పిల్లలంతా ఒక్క గొంతుతో, "ఇయాన్ కొడుకు టోర్కిల్‌ది!" అన్నారు.

అది పాట కాదర్రా అని చెబుదామని కోపంగా లేచాను. దీవిలో ఇక దంచే ప్రతి బట్టా నా మొగుడిదేనా?

"ఏం మామ్మా, తప్పు పాడామా?" అంది పెద్దపిల్ల భయంగా.

"లేదు," అన్నాను. "కొంచెం జరగండి. ఇంకో బట్ట తెండి." వాళ్ల మధ్య కూర్చుని చేతులు చాపాను.