ముందునొక్కుడు

"బండి బయల్దేరిందమ్మా. ఆయన్ని కదిలించొద్దు. మీరు అక్కడే ఉండండి."

ఇఫ్ఫత్ ఈ మాట చెప్పినప్పుడు ఏ బండీ ఎక్కడికీ బయల్దేరలేదు.

జూన్ మొదటి వారం. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. చిత్తూరులో అత్యవసర ఫోన్లు అందుకునే హాలు అది. షిఫ్టుకు ఎనిమిది మంది చొప్పున మొత్తం ఇరవై నాలుగు మంది అక్కడ పనిచేస్తారు. ఫోన్ చేసింది మునిలక్ష్మి అనే ఆమె, మామిడి మండీలో కాయలు ఏరే కూలి. ఆమె మొగుడు గోవిందస్వామి అదే మండీలో హమాలీ. లారీకి కాయ ఎక్కిస్తూ ఎండకు సొమ్మసిల్లి పడిపోయాడు.

"ఈడ ఆటో ఉండాది పాపా. ఎక్కించుకోని పోదామా?" అని కూడా అడిగింది మునిలక్ష్మి.

"వద్దమ్మా. బండి వస్తాంది" అంది ఇఫ్ఫత్.

ఆమె వెనక మేనేజరు భానుచందర్ నిలబడి ఉన్నాడు. "టైమ్ అయిపోతాంది. నొక్కు" అన్నాడు. నొక్కింది.

నొక్కింది ఒక పచ్చ బటన్. అంబులెన్సు చక్రం కదిలాక మాత్రమే దాన్ని నొక్కాలి. నొక్కేదాకా స్క్రీన్ మీద గడియారం నడుస్తూనే ఉంటుంది. రెండు నిమిషాలు దాటితే ఆ కాల్ ఎర్రగీత అవుతుంది. ఆ ఎర్రగీత ఇక్కడి గోడ మీదున్న బోర్డులోనూ, కలెక్టరాఫీసులో ఉన్న బోర్డులోనూ ఒకేసారి వెలుగుతుంది. వెలిగితే కాంట్రాక్టు కంపెనీకి జరిమానా. బండ్లు కాగితం మీద పదకొండు, నడిచేవి ఆరు. మిగతా అయిదూ టైర్లు లేక షెడ్డులో దుమ్ము తింటున్నాయి. టైర్లు కొనడం కంటే బటన్ నొక్కించడం కంపెనీకి చవక. బండి ఉన్నా లేకున్నా రెండు నిమిషాల లోపల పచ్చ నొక్కేయడం హాలులో అలవాటైపోయింది. దానికి ముందునొక్కుడు అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. వారం కిందట కొత్తగా చేరిన సుజనకు, టీ ఎక్కడ దొరుకుతుందో చెప్పినంత మామూలుగా, దాన్ని నేర్పింది కూడా ఇఫ్ఫతే.

ఇరవై నిమిషాల తర్వాత మునిలక్ష్మి మళ్లీ ఫోన్ చేసింది. "బండి యాడుండాది పాపా? ఈయన పిలిస్తే పలకడంల్యా." ఇఫ్ఫత్ అడగని వాళ్లు లేరు, బతిమాలని డ్రైవరు లేడు. ఒక బండి తిరుపతిలో రోగిని దించి తిరిగి వస్తోంది. "దగ్గర్లో ఉండాదమ్మా" అంది. అదీ అబద్ధమే.

మూడోసారి ఫోన్ వచ్చేసరికి రెండున్నర అయింది. ఈసారి మునిలక్ష్మి గొంతులో తొందర లేదు.

"ఇంక బండి పంపించొద్దులే పాపా. ఇంకెవురికన్నా పంపించు."

ఇఫ్ఫత్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. బోర్డు మీద ఆ కాల్ పచ్చగా మెరుస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు భానుచందర్ ఒక కాగితం తెచ్చాడు. 'నా సొంత నిర్లక్ష్యం వల్ల, పై అధికారులకు తెలియకుండా, బండి పంపకుండానే పంపినట్టు నమోదు చేశాను' అని టైపు చేసి ఉంది. కింద సంతకానికి చోటు వదిలారు.

"సంతకం పెట్టేసి ఇంటికి పో ఇఫ్ఫత్. కేసు లేకుండా నేను చూసుకుంటా. పెట్టకపోతే కంపెనీ కాంట్రాక్టే పోతాది. ఇరవై నాలుగు కుటుంబాలు రోడ్డున పడతాయి. ఆలోచించుకో" అన్నాడు.

ఎంత చక్కటి లెక్క! బండ్లు లేనిది కంపెనీకి. తప్పు మాత్రం పన్నెండు వేల జీతం ఆడపిల్లకు.

అందరూ టీ గదిలోకి చేరారు. రెండు షిఫ్టుల వాళ్లు, ఫోన్ల దగ్గర ఉన్న నలుగురు పోను పన్నెండు మంది, గోడలకు ఆనుకుని. ఒకడు నేల చూస్తూ అన్నాడు, "ఒకరితో పోయేదాన్ని అందరి మీదికి తెచ్చుకునేది యాల?"

"నువ్వు నిన్న ఎన్ని నొక్కినావురా?" అని అడిగింది లోకేశ్వరి. ఆమె తొమ్మిదేళ్లుగా అక్కడ పనిచేస్తోంది. "నేను ఏడు నొక్కినా. ఆ ఏడుగురూ బతికినారు, నా అదృష్టం. లేకుంటే ఈ కాగితం మీద నా పేరుండేది."

ఇఫ్ఫత్ పెన్ను అడిగింది. "పెడతా అక్కా. సంపింది నేనే. ఆటో ఉండాదని ఆ యమ్మ సెప్తే వద్దన్న్యా."

"తప్పు జేసినావు. నేను కాదన్ను" అంది లోకేశ్వరి. "జేసినానని ఊరంతా సెప్పు. కానీ పై వాళ్లకు తెలీదని రాసి ఇయ్యొద్దు. అది రాసిస్తే రేపు ఇంకొకర్ని సంపుతారు, ఇంకొకరితో సంతకం పెట్టిస్తారు."

అప్పుడే కింద గేటు దగ్గర అరుపులు వినిపించాయి.

గోవిందస్వామి శవాన్ని మట్టిలో పెట్టి నేరుగా వచ్చారు మండీ హమాలీలు. వంద మందికి పైనే. తలలకు తుండ్లు, భుజాల మీద మామిడి జీడి కాల్చిన మచ్చలు. ముందు మునిలక్ష్మి. పక్కన ఆటో డ్రైవరు ఖలీల్. నిన్న మండీలో ఖాళీగా నిలబడిన ఆటో అతనిదే.

"ఫోన్లో మాట్లాడినదాన్ని బయటికి పంపించండి!"

భానుచందర్ కిటికీ మూయించి పోలీసులకు ఫోన్ కలిపాడు. ఇఫ్ఫత్ మెట్లు దిగింది. లోకేశ్వరి వెనకే వచ్చింది. గేటు తీస్తుంటే వాచ్‌మన్ వద్దన్నాడు. ఇఫ్ఫత్ గేటు దాటింది.

"నేనేనమ్మా" అంది.

ఆ ఒక్క మాటకే మునిలక్ష్మి గొంతు గుర్తుపట్టింది. దగ్గరికొచ్చి ఇఫ్ఫత్ రెండు భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఆటో ఉండాదంటిని గదనే! పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉండేవాడు గదనే! నీ మాట నమ్మి ఆయన్ని నేల మీద పండబెట్టుకోని కూసుంటిని. యాల అబద్ధం సెప్పినావు?"

ఇఫ్ఫత్ సాకు చెప్పలేదు. పచ్చ బటన్ గురించి చెప్పింది. రెండు నిమిషాల గురించి, షెడ్డులో ఉన్న అయిదు బండ్ల గురించి, ఇందాకటి కాగితం గురించి చెప్పింది. "మేమంతా నొక్కుతామమ్మా. రోజూ నొక్కుతాము. నిన్న నేను నొక్కినా. నన్ను కొట్టండి. కానీ ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను."

గుంపులో గోల లేచింది. "కథలు సెప్తాండాది" అన్నాడొకడు. "అద్దాలు పగలగొడితే కంపెనీకి బుద్ధొస్తాది" అని ఇంకొకడు రాయి తీశాడు.

"ఆ అద్దాల ఎనక ఫోన్లుండాయప్పా" అంది లోకేశ్వరి. "ఈ నిమిషంలో ఎవురి బిడ్డకో పాము కరిసింటాది. ఆ ఫోన్ ఎవురెత్తాల? మాకు సమ్మె జేసే గతి గూడా లేదు. మేం లేసి బయటికొస్తే సచ్చేది కంపెనీ కాదు, మీరే."

రాయి పట్టుకున్నవాడు దాన్ని కింద పడేశాడు.

"లేదని సెప్పింటే సాలు గదా" అన్నాడు ఖలీల్, తనలో తాను అనుకున్నట్టు. "బండి లేదు అని ఒక్క మాట. నేను ఎత్తుకోని పోయేవాణ్ణి. నా ఆటో కాకుంటే ఇంకో ఆటో. ఊర్లో ఆటోలకేం కరువు?"

లోకేశ్వరి అతని వైపు తిరిగింది. "మీ స్టాండులో ఎంతమందుండారు?"

"పద్నాలుగు మంది. యాల?"

"రేపట్నుంచి మేం లేదనే సెప్తాం. ముందునొక్కుడు బంద్. సక్రం కదల్నిదే పచ్చ నొక్కేది లేదు. బండి లేనప్పుడు మీకు ఫోన్ జేస్తే వస్తారా?"

"వస్తామా అని అడుగుతావా!" అన్నాడు ఖలీల్.

మునిలక్ష్మి ఇఫ్ఫత్ భుజాలు వదిలింది. క్షమించానని అనలేదు. "సూస్తా" అంది. "రేపు నువ్వేం సెప్తావో నేనే ఈడ కూసోని సూస్తా."

మరుసటి రోజు పొద్దున ఏడింటికి ఇఫ్ఫత్ కుర్చీలో కూర్చునేసరికి పద్నాలుగు ఫోన్ నంబర్లు గోడకు అంటించి ఉన్నాయి. కింద రోడ్డుకు రెండు వైపులా హమాలీలు బారులు తీరి కూర్చున్నారు. నడిమధ్య అంబులెన్సు పోవడానికి దారి వదిలిపెట్టారు. ఆ దారిలో ఎవరైనా అడుగు పెడితే మునిలక్ష్మి కసురుతోంది.

మొదటి దెబ్బ ఎనిమిదింటికి తగిలింది. కట్టమంచి నుంచి కాల్, ముసలామె మెట్ల మీంచి జారిపడింది. బండి లేదు. "బండి లేదప్పా. ఉండే మాట సెప్తాండా. ఆటో పంపిస్తా, ఆమెను ఎట్లా ఎత్తాల్నో నేను సెప్తా. ఫోన్ పెట్టొద్దు." గడియారం రెండు నిమిషాలు దాటింది. గోడ మీద గీత ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఆ బోర్డు మీద పగటిపూట ఎర్రరంగు ఎవరూ చూసి ఎరగరు.

తొమ్మిదింటికి నాలుగు గీతలు. పన్నెండు కావస్తుంటే పంతొమ్మిది. ఎనిమిది మందిలో ఒక్కరు కూడా అబద్ధం నొక్కలేదు, టీ గదిలో నేల చూసినవాడితో సహా. భానుచందర్ ఒక్కొక్క కుర్చీ వెనకా నిలబడి బెదిరించాడు, బతిమాలాడు. కలెక్టరాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "సార్... టెక్నికల్ ప్రాబ్లం సార్" అంటూ బయటికి పరిగెత్తాడు.

పన్నెండింటికి పోలీసు జీపు వచ్చింది. కంపెనీ ఫిర్యాదు ఒక్క ఇఫ్ఫత్ మీదే. గోవిందస్వామి చావుకు ఆమె నిర్లక్ష్యమే కారణమట. ఎస్సై తలుపు దగ్గర నిలబడి కాగితం చదువుతుండగానే భానుచందర్ సుజనను తెచ్చి ఇఫ్ఫత్ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నువ్వన్నా బుద్ధిగా ఉండు. పర్మనెంట్ చేయిస్తా."

ఫోన్ మోగింది. ఇఫ్ఫత్ తలుపు దగ్గరే ఆగిపోయింది. అవతల ఎవరో ఏడుస్తున్నారు. మురకంబట్టు నుంచి కాల్, పురిటి నొప్పులు పడుతున్న మనిషి. సుజన బండ్ల వరస చూసింది. ఆరూ కేసుల మీదే ఉన్నాయి.

"నొక్కు" అన్నాడు భానుచందర్.

సుజన వేలు పచ్చ బటన్ మీదికి పోయింది. ఆ వేలిని అక్కడ పెట్టడం నేర్పింది ఇఫ్ఫతే. అరవాలనుకుంది. గడియారం నిమిషం యాభై దాటింది.

సుజన చెయ్యి వెనక్కు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"బండి లేదక్కా" అంది ఫోన్‌లో, ఏడుపు గొంతుతో. "నిజం సెప్తాండా, లేదు. ఆటో వస్తాది. నేను లైన్లోనే ఉంటా."

బోర్డు మీద ఇరవయ్యో గీత ఎర్రగా వెలిగింది. కింద ఖలీల్ ఆటో స్టార్టయింది. హమాలీలు వదిలిన దారిలో అది దూసుకుపోయింది.

ఇఫ్ఫత్‌ను జీపు ఎక్కించారు. డ్రైవరు అదే దారిలోకి బండి తిప్పబోయాడు. అప్పుడు లేచింది మునిలక్ష్మి. ఆమె వెనక రెండు బారులూ లేచి ఒక్కటయ్యాయి.

"దారి వదలండి! స్టేషన్‌లో ఎదురుచూస్తా ఉండారు" అని అరిచాడు ఎస్సై.

"బయల్దేరిందని ఫోన్ జేసి సెప్పు సారూ" అంది మునిలక్ష్మి. "ముక్కాలు గంట మేమూ అట్లనే ఎదురుసూసినాం."

ఆమె జీపు ముందు నేల మీద కూర్చుంది. పక్కన ఇంకొకరు కూర్చున్నారు. ఆ పక్కన ఇంకొకరు.